దిమ్మ మీది కొలత

మౌలాలి ఉస్తాదు ఒకే ప్రశ్నకు మూడు జవాబులు చెప్పాడు. పోతులూరయ్య కష్టం అక్కడ మొదలయింది.

సుంకన్న నడిపిన బండికి ముందు చక్రం దగ్గర సందు ఎంత పెట్టావు ఉస్తాద్ అని అతను అడిగాడు. మొదటిసారి అడిగినప్పుడు ఉస్తాదు మూడు వేళ్ళు చూపించాడు. కొన్నాళ్ళు పోయాక అడిగితే నాలుగున్నర అన్నాడు. ఇంకోసారి అడిగితే అరచేయి మొత్తం చాపి, బొటనవేలు ముడిచి, మళ్ళీ తెరిచి, దాన్నే కాసేపు చూసుకుని, ఏమీ చెప్పకుండా టీ తాగాడు.

ఆ సందు అంటే ఏమిటో ముందు చెప్పాలి. మోటారుసైకిలు హ్యాండిలు ఒక వాలు గొట్టంలో తిరుగుతుంది. ఉస్తాదు బండ్లు చేసే షెడ్డులో దాన్ని మెడ అనేవాళ్ళు. మెడ ఎంత వాలుగా ఉందో ఆ వాలునే నేల దాకా గీసుకుంటూ పోతే ఒకచోట నేల తగులుతుంది. చక్రం ఇరుసు నుంచి మేస్త్రీల గుండు దారం వేలాడదీస్తే అది ఇంకొకచోట, కొంచెం వెనకగా తగులుతుంది. ఆ రెండు చుక్కల నడుమ ఉన్నదే సందు. అది తక్కువైతే బండి చురుగ్గా తిరుగుతుంది కానీ ఇసుకలో తల ఊపుతుంది. ఎక్కువైతే ఇసుకలో సూటిగా పోతుంది కానీ మలుపులో మొండికేస్తుంది. దాన్ని కొలవడానికి ఉస్తాదు ఏనాడూ స్కేలు పెట్టలేదు. నేల మీద వేళ్ళు ఆనించేవాడు.

పెన్నేరు ఎండిపోయే నెలల్లో ఉస్తాదు ఊరి దగ్గర ఏటి పందెం జరిగేది. ఇప్పుడు దాన్ని చూసినవాళ్ళు తగ్గిపోయారు. చూసినవాళ్ళు కూడా తలా ఒక రకంగా చెప్తారు. రోడ్డు మీద తిరిగే బండ్లను విప్పి, దీపాలూ మడ్‌గార్డులూ పీకేసి, ఫ్రేములు కోసి మళ్ళీ అతికి, ఏటికి తగ్గట్టు తయారుచేసేవాళ్ళు. పందెం ఇసుకలో మొదలయ్యేది. రాళ్ళగట్టు ఎక్కి, కంపచెట్ల మధ్యగా తిరిగి, మళ్ళీ ఇసుకలోకి దిగేది. ఇసుకలో పడేవాళ్ళు పడగా మిగిలినవాళ్ళు గట్టు దగ్గర పడేవాళ్ళు.

సుంకన్న మాత్రం పడేవాడు కాదు. అతను చాలా భారీ మనిషి, ఎత్తూ లావూ రెండూ ఉన్నవాడు. బండెక్కి కూర్చుంటే బండి కనిపించేది కాదు. ఒక మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఏటి మీద జారిపోతున్నట్టు ఉండేది.

సుంకన్న పోయి చాలా కాలమైంది. ఆ తర్వాత ఇసుక లారీలు వచ్చాయి, పందెం ఆగిపోయింది. ఉస్తాదు షెడ్డులో దూలానికి రెండు ఫ్రేములు మాత్రం వేలాడుతూ మిగిలాయి. ఒకటి దళసరి గొట్టంతో చేసినది, సుంకన్నది. రెండోది వేరేవాళ్ళు నడపడానికి సన్న గొట్టంతో తర్వాత చేసినది, తేలికది. ఉస్తాదు పనితనమంతా ఆ రెండో దాంట్లోనే ఉందని అందరూ అనేవాళ్ళు. రాళ్ళ మీద అది మేకపిల్లలాగా దూకేది. కానీ ఇసుకలో, దారం పట్టి లాగినట్టు, బరువుదే సూటిగా పోయేది. అలా ఎందుకు పోయేదో టీకొట్టు దగ్గర ఎంత వాదించుకున్నా తేలలేదు. ఉస్తాదును అడిగితే పనిలో ఉన్నానని చేత్తో సైగ చేసేవాడు.

పోతులూరయ్య కమ్మరి కొలిమి దగ్గర పుట్టినవాడు. సుంకన్న ఏటి మీద పోవడం చూశాక అతనికి కొడవళ్ళు చేయబుద్ధి కాలేదు. ఆ బండి చేసిన చేతులు ఎవరివో కనుక్కుని ఉస్తాదు దగ్గరికి వచ్చి చేరాడు. ఇప్పుడు అతని మీసంలో సగం తెలుపు. ఇన్నేళ్ళలో ఉస్తాదు అతని పనిని బాగుందని అన్నది లేదు. బాగా లేకపోతే "కోయ్" అనేవాడు. బాగుంటే ఇంకో పని అందుకునేవాడు. పోతులూరయ్య దాంతోనే సరిపెట్టుకున్నాడు. ఎప్పటికైనా సుంకన్న బండిలాంటిది ఒకటి తన చేత్తో చేసి, ఉస్తాదు ముందు నిలబెట్టి, ఆ ఒక్క మాట వినాలని అతని కోరిక. తొందరేముందిలే అనుకున్నాడు.

అంతలో ఉస్తాదు మరిచిపోవడం మొదలుపెట్టాడు.

మొదట పానాల పేర్లు పోయాయి. "ఆ నోరు తెరుచుకునేది ఇయ్యి" అనేవాడు. పోతులూరయ్య ఇచ్చేవాడు. తర్వాత మనుషుల పేర్లు పోయాయి. తర్వాత మధ్యాహ్నం తిన్నాడో లేదో గుర్తుండేది కాదు. ఉస్తాదు భార్య ఖైరూన్‌బీ ఆ సంగతి నవ్వుతూనే చెప్పేది. ఒకసారి తిని రెండోసారి అడిగితే పెడుతున్నానని, ఏ పొద్దయినా రెండుసార్లు తిని నాకు పెట్టలేదని తగవుకు వస్తే మాత్రం గిన్నె నెత్తిన బోర్లిస్తానని అనేది. చెప్పి లోపలికి వెళ్ళాక ఆమె గొంతు వినిపించేది కాదు.

పోతులూరయ్యకు గుబులు పట్టుకుంది. తాళంచెవి ఇంకా చేతికి రాకముందే తలుపు మూసుకుపోతున్నట్టు అనిపించింది. రోజూ అడగడం మొదలుపెట్టాడు. అడిగేకొద్దీ జవాబులు మారాయి. మూడు, నాలుగున్నర, అయిదు. ఒకరోజు ఉస్తాదు అతన్ని ఎగాదిగా చూసి, ఏ సుంకన్న అన్నాడు.

ఆ రోజే పోతులూరయ్య దూలానికున్న రెండు ఫ్రేముల్నీ కిందికి దించాడు. మనిషి చెప్పలేనిది ఇనుము చెప్తుందనుకున్నాడు.

రెండింటినీ భుజాన వేసుకుని ఉల్లిగడ్డల మండీకి తీసుకుపోయాడు. ఈ ఏడు ఇనుము పండించినావా ఏమప్పా అని కాటా దగ్గరున్న మనిషి ఎకసెక్కమాడాడు. తరుగు ఎంత తీయమంటావు అని కూడా అడిగాడు. బరువుది పదిహేడు కిలోలు తూగింది, తేలికది పన్నెండున్నర. పోతులూరయ్య ఆ తేడాను మనసులో పెట్టుకుని వెనక్కి వచ్చాడు.

తర్వాత రెండింటికీ స్ప్రింగులు, ఫోర్కులు, చక్రాలు తగిలించాడు. వెనక భాగం కింద చెక్క దిమ్మ పెట్టి, బండి నిటారుగా, కదలకుండా నిలబెట్టాడు. ఆ షెడ్డులో ఏ బండినైనా దిమ్మ మీద పెట్టే కొలుస్తారు, లేకపోతే పక్కకు ఒరుగుతుంది. మెడ వెంబడి దారం లాగాడు. ఇరుసు నుంచి గుండు వదిలాడు. సుద్దతో చుక్కలు పెట్టి వేళ్ళు ఆనించాడు.

బరువుదానికి రెండున్నర వేళ్ళు వచ్చింది. తేలికదానికీ రెండున్నరే. మళ్ళీ కొలిచాడు. దారం మార్చి కొలిచాడు. మెడ వాలు ఒకటే, సందు ఒకటే. నూలుపోగంత తేడా కూడా లేదు.

అంటే గుట్టు మెడలో లేదు, బరువులో ఉంది. పోతులూరయ్యకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంత చిన్న సంగతి కోసం ఉస్తాదును పీక్కుతిన్నాను కదా అనుకున్నాడు.

సుంకన్న ఫ్రేము అతుకుల దగ్గర తుప్పు తినేసింది. దాన్ని నిలబెట్టి చూసుకోవడమే కానీ ఏటిలో నడపడానికి లేదు. అందుకని అతను కొత్త ఫ్రేము మొదలుపెట్టాడు. దళసరి గొట్టం దొరకలేదు, సన్నదే దొరికింది. వాలూ సందూ దిమ్మ మీది కొలత ప్రకారమే పెట్టాడు. బరువు చాలలేదు కాబట్టి దానికొక ఉపాయం ఆలోచించాడు. ఏటికి పోయి ఇసుక తెచ్చి, జల్లించి, ఆరబెట్టి, ఫ్రేము గొట్టాల నిండా పోసి, కింద బోల్టు బిగించాడు. మండీకి తీసుకుపోయి తూచాడు. పదిహేడు కిలోలు, సరిగ్గా.

ఖైరూన్‌బీ ఇసుక జల్లెడ చూసి ముందు ఇల్లు కడుతున్నాడేమో అనుకుంది. సంగతి తెలిశాక ఊరంతా వినేలా నవ్వింది.

"ఏటిని గొట్టాల్లో పోసుకోని ఏటి మీద పోతాడంట. ఇద్దరూ ఇద్దరే దొరికినారు నాకు. ఒకనికి ఏమీ గుర్తుండదు, ఒకడు ఏమీ మరిచిపోడు."

పోతులూరయ్య ఆ మాట పట్టించుకోలేదు. ఇంజనూ చక్రాలూ బిగించి, లారీలు వదిలేసిన ఇసుక మేటల మీదికి బండి తీసుకుపోయాడు. కొంచెం దూరం పోయిందో లేదో ముందు చక్రం తాగినవాడి కాలులాగా అటొకసారి ఇటొకసారి పడింది. గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకునేకొద్దీ తల ఎక్కువ ఊపింది. చివరికి అది అతన్ని తీసుకెళ్ళి ఇసుకలో ముఖం మీద పడేసింది.

మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. పడినప్పుడల్లా లేచి హ్యాండిలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. సాయంత్రానికి భుజాలు పైకి లేవలేదు. బండిని నెట్టుకుంటూ షెడ్డుకు వచ్చి, దిమ్మ మీద పెట్టి, మళ్ళీ కొలిచాడు. రెండున్నర వేళ్ళు. బరువు సరిపోయింది, సందు సరిపోయింది, నడక మాత్రం రాలేదు.

మరునాడు మధ్యాహ్నం నమాజు చేసుకుని ఉస్తాదు షెడ్డులోకి వచ్చాడు. ఆ మధ్య అతను షెడ్డుకు రావడమే తగ్గించాడు. వచ్చినా ఒక మూల కూర్చుని పాత బేరింగులు తిప్పి చూసుకునేవాడు. ఆ రోజు పోతులూరయ్య రెండు బండ్లను పక్కపక్కన దిమ్మల మీద పెట్టి, వాటి మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒకటి సుంకన్నది, ఒకటి తనది. నేలంతా సుద్ద చుక్కలు. అతని గడ్డం మీద చర్మం లేచిపోయి ఉంది.

ఉస్తాదు ఆ చుక్కలను చూశాడు. పోతులూరయ్య గడ్డం చూశాడు. కొత్త బండి దగ్గరికి పోయి, పానాతో గొట్టాన్ని ఒకసారి తట్టి, చెవి దగ్గరగా పెట్టాడు. ఇంకోచోట తట్టాడు. కిందికి వంగి, వెతికి, బోల్టు విప్పాడు.

ఇసుక సన్నటి ధారగా కారడం మొదలుపెట్టింది. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. చాలాసేపు కారింది. నేల మీది సుద్ద చుక్కలు దాని కింద కప్పబడిపోయాయి. చివరి గింజలు రాలేదాకా ఉస్తాదు వంగిన నడుము ఎత్తలేదు.

"ఏటిది ఏటికియ్యి," అన్నాడు.

పోతులూరయ్యకు కోపం వచ్చింది. అది ఉస్తాదు మీద కోపం కాదు, ఎవరి మీదో అతనికీ తెలియదు. బరువు కాకపోతే మరి ఏమిటి, రెండింటి మెడా ఒకటే కదా, వేళ్ళు పెట్టి చూడు ఉస్తాద్ అని గొంతు పెంచి అడిగాడు. చెప్పగలిగినన్ని రోజులు చెప్పలేదు, ఇప్పుడు అడిగితే రోజుకొకటి చెప్తున్నావు అని కూడా అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఉస్తాదు ఆ మాటలు విన్నాడో లేదో. సుంకన్న బండి దగ్గరికి పోయాడు. దాని కింది దిమ్మను కాలితో ఒక్క తోపు తోశాడు. దిమ్మ పక్కకు దొర్లింది. బండి చక్రాల మీద నిలబడి ఒరగబోయింది. పోతులూరయ్య ఉలిక్కిపడి లేచి పట్టుకున్నాడు. ఉస్తాదు లుంగీ పైకి మడిచి, అతని భుజం ఆసరాగా పట్టుకుని, కాలు అవతలికి వేసి, బండెక్కి కూర్చున్నాడు.

స్ప్రింగులు కిర్రుమన్నాయి. గుండు దారం కొంచెం కదిలింది.

ఉస్తాదు దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. వెనక సీటు మీద అరచేత్తో తట్టాడు. "నువ్వూ ఎక్కు," అన్నాడు.

ఇద్దరూ బక్కమనుషులే. పోతులూరయ్య వెనక ఎక్కి, రెండు పక్కలా కాళ్ళు నేలకానించి, బండిని నిలబెట్టాడు. మరి చుక్క ఎవరు పెడతారు? ఉస్తాదు లోపలికి కేకేశాడు. పేరు గుర్తుకు రాక ఏమే, ఏమే అని పిలిచాడు. ఖైరూన్‌బీ చేతికి పిండితోనే వచ్చింది. తుప్పు పట్టిన ఇనుము మీద ఇద్దరు మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూర్చుని ఎదురుగా గోడ వంక చూస్తూ ఉంటే, ఎక్కడికి ప్రయాణం అని అడిగింది. విరిగి కింద పడితే ఇద్దరి నడుములకూ నూనె రుద్దాల్సింది తనే కదా అని గొణిగింది.

కాళ్ళు పైకెత్తమని ఉస్తాదు పోతులూరయ్యకు చెప్పాడు. ఒక్క క్షణం ఎత్తాడు. ఇద్దరి బరువూ వెనక స్ప్రింగుల మీద పడింది. బండి వెనక భాగం కిందికి కుంగింది. ముందు మెడ ఇంకా వెనక్కి వాలింది. వాలు దారం కొస ముందుకు జరిగింది.

ఖైరూన్‌బీ పిండి వేలితోనే చుక్క పెట్టింది. తర్వాత వంగి, ఎన్నేళ్ళుగానో చూసిన పనే కాబట్టి, ఎవరూ చెప్పకుండానే వేళ్ళు ఆనించింది.

"అయిదు. రోంత ఎక్కువే."

ఉస్తాదు ఆ అయిదు వేళ్ళనూ, వాటి కింద నేలనూ చూశాడు. అతని ముఖంలోకి, చాలాకాలంగా రానిది ఏదో వచ్చింది. హ్యాండిలు మీద చేతులు కొంచెం వదులయ్యాయి.

"అదీ సుంకన్న," అన్నాడు.

ఖైరూన్‌బీ కొంగుతో చేయి తుడుచుకుంది. రాగిముద్ద నాలుగు పట్లలో మింగేవాడు, బండి ఆ కుంగడం కుంగక ఏం చేస్తుంది అంది. తర్వాత పొయ్యి మీద రొట్టె మాడుతుందని లోపలికి పోయింది.

పోతులూరయ్య దిగి నిలబడ్డాడు. అడిగిన ప్రతిసారీ ఉస్తాదు ముందు ఎవరున్నారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. మూడు వేళ్ళు చూపించిన రోజు ఉస్తాదు తననే చూస్తూ ఉన్నాడా? నాలుగున్నర అన్న రోజు షెడ్డు ముందు నుంచి ఎవరైనా లావుపాటి మనిషి పోయాడా? నిజంగా మరిచి చెప్పాడో, మనిషిని చూసి చెప్పాడో అతనికి తేలలేదు. ఇక తేలదని కూడా తెలిసింది.

ఉస్తాదు అప్పటికే దిగి కొత్త బండి దగ్గరున్నాడు. దాని దిమ్మను కూడా తోసేశాడు. కూర్చోమని పోతులూరయ్యకు సైగ చేశాడు. కూర్చున్నాడు. అతని బక్క శరీరానికి కొత్త స్ప్రింగులు దాదాపు కుంగనే లేదు. ఉస్తాదు మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, ఒక్కొక్కటిగా మడిచి నేల మీదికి దిగాడు. ఇసుకను అరచేత్తో పక్కకు తుడిచాడు. వేళ్ళు ఆనించాడు.

సుద్ద అడిగి తీసుకున్నాడు. పైకి లేచి మెడ గొట్టం అతికిన చోట ఒక గీత గీశాడు. ఎంత అని చెప్పలేదు.

"కోయ్," అన్నాడు.

ఆ తర్వాత ఉస్తాదు షెడ్డులోకి రావడం దాదాపు ఆగిపోయింది.

పోతులూరయ్య గీత మీద కోశాడు. మెడ ఇంకొంచెం వాల్చి అతికాడు. స్ప్రింగులు మెత్తనివి వెతికి వేశాడు. అతికిన తర్వాత దిమ్మ మీద కొలవలేదు. ప్రతిసారీ తను బండెక్కి కూర్చుని, ఖైరూన్‌బీని పిలిచేవాడు. ఆమె విసుక్కుంటూ వచ్చి వేళ్ళు పెట్టేది. నా చేతులు రొట్టెలకూ మీ బండ్లకూ సగం సగం అరిగిపోయినాయి అనేది. గొట్టాలు ఖాళీగానే ఉంచాడు. ఆ బండి సుంకన్న బండిలా ఉండబోదని పని సగంలోనే అతనికి అర్థమైంది. అర్థమైన రోజు పని ఆపి షెడ్డు బయట కూర్చున్నాడు. ఏటి వైపు చూస్తే గుంటలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇన్నేళ్ళు దేన్ని చేయాలనుకున్నాడో అది ఇక ఎవరూ చేయలేరు. కూర్చోవాల్సిన మనిషి లేడు. కొంతసేపటికి లేచి వెళ్ళి మిగిలిన అతుకులు పూర్తి చేశాడు.

బండి సిద్ధమైన నాటికి ఉస్తాదు అతన్ని గుర్తుపట్టడం మానేశాడు. బండి బాగుచేయించుకోవడానికి వచ్చిన మనిషనుకుని, కూర్చోమని మర్యాద చేసి, ఏ ఊరని అడిగేవాడు. పోతులూరయ్య ఊరు చెప్పేవాడు. ఎండనపడి వచ్చినావు, మంచినీళ్ళు తాగు అని ఉస్తాదు లోపలికి కేకేసేవాడు. ఖైరూన్‌బీ చెంబు తెచ్చి ఇచ్చేది. పోతులూరయ్య తాగేవాడు.

ఒకరోజు ఆమె చెంబు అందిస్తూ, "పొద్దున నన్నే అడిగినాడు నాయనా, ఎవరింటి పిల్లవమ్మా అని. పిల్ల అన్నాడులే, అంతే చాలు," అంది.

ఇక ఆలస్యం చేయకూడదు అనుకున్నాడు కానీ ఆలస్యం అప్పటికే అయిపోయింది. ఆ సంగతి అతనికి తెలుసు. కొన్నాళ్ళు బండి మీద గోనెపట్టా కప్పి ఉంచాడు. చూపించాల్సిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు, చూపించడానికి మాత్రం లేడు. ఖైరూన్‌బీయే చివరికి గోనెపట్టా లాగేసి, మొదలుపెట్టినవాడికి ముగించడం కూడా తెలిసి ఉండాలని కసిరింది.

పొద్దున ఎండ ఇంకా ఎక్కకముందు పోతులూరయ్య ఉస్తాదును చేయి పట్టుకుని ఏటికి తీసుకుపోయాడు. ఇంకో చేత్తో బండి నెట్టుకుంటూ పోయాడు. దారి పొడవునా ఉస్తాదు, ఇక్కడ కంపచెట్లు ఉండాలే అని వెతుక్కున్నాడు.

ఇసుక మేట దగ్గర ఆగారు. ఉస్తాదు బండిని ఒక చుట్టు చుట్టి చూశాడు. ఎవరో ఊరికాని ఊరివాడు బండి చూసినట్టే చూశాడు. పోతులూరయ్య పక్కన నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

అప్పుడు ఉస్తాదు హ్యాండిలు ముట్టుకోకుండా వెనక సీటు ఒక్కటే ఒక చేత్తో పట్టుకున్నాడు. అలా పట్టుకుని బండిని నడిపించడం మొదలుపెట్టాడు, ఆవును వెనక నుంచి తోలినట్టు. బండి ఎడమకు ఒరిగింది. ముందు చక్రం తనంతట తానే ఎడమకు తిరిగి, బండిని లేపి, మళ్ళీ సూటి అయింది. కుడికి ఒరిగింది. చక్రం కుడికి తిరిగి మళ్ళీ సూటి అయింది. ముసలాయన అడుగులు ఇసుకలో కూరుకుపోతున్నాయి కానీ బండి తడబడలేదు. కొంచెం వాలుగా ఉన్న చోటికి వచ్చాక సీటు మీది చేయి కూడా తీసేశాడు.

పోతులూరయ్య పరిగెత్తబోయాడు. ఉస్తాదు చేయి అడ్డం పెట్టాడు.

మనిషి లేని బండి ఏటిలోకి దిగుతూ పోయింది. ఒకసారి ఊగింది, సర్దుకుంది. ఇసుకలో ఒకే ఒక్క గీత పడుతూ పోయింది. వేగం తగ్గి, నిలబడి, ఏదో ఆలోచించుకున్నట్టు ఒక క్షణం ఆగి, మెల్లగా పక్కకు ఒరిగి పడుకుంది.

ఉస్తాదు ఆ గీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఎవరి పని ఇది?" అని అడిగాడు.

"నాదే."

"యాడ నేర్చుకున్నావు?"

పోతులూరయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. "మౌలాలి ఉస్తాదు దగ్గర," అన్నాడు.

ఉస్తాదు ఆ పేరును లోపలే తిప్పి చూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నేనెరగను. ఉండాడా ఆయప్ప?"

"ఉండాడు."

"అయితే తీసకపోయి చూపీ. సంతోషపడతాడు."

పోతులూరయ్య ఏటిలోకి దిగి నడిచాడు. పడి ఉన్న బండిని లేపాడు. దాని మీది ఇసుకను అరచేత్తో తుడిచాడు. వెనక్కి నెట్టుకుంటూ వచ్చి ఉస్తాదు ముందు నిలబెట్టాడు.